మల్లవ్వ అత్త పేర్లు పిలిచిన ఈత బావి

మా చిన్నప్పుడు... ఈత బావి మెట్లకు తాళం లేదు. ఇప్పుడు వేశారు. వేసింది మన మునిసిపాలిటీ. ఆ తాళం వల్లే మా అక్క బిడ్డ శారద మొన్న బావిలో మునిగి, చావు తప్పి బయటపడింది.

గ్రంథాలయం గోడ దగ్గరికి పేపరు చదవడానికి వచ్చేవాళ్లు ఈ కాగితం కూడా చదవండి. ఎక్కువసేపు పట్టదు.

నైజాం పోయిన కొత్తలు అవి. ఎండాకాలం పొద్దునా సాయంత్రం బావి మగవాళ్లది, మధ్యాహ్నం ఆడవాళ్లదీ పిల్లలదీ. ఎక్కడా రాసి లేదు... ఊరంతటికీ తెలుసు.

మా వాడలో ఇంటింటా బీడీలు చేసేవాళ్లు. తునికాకు ఎండితే చుట్టేటప్పుడు పగులుతుంది. ఆ ఎండలకు ఇంట్లో ఎంత తడిబట్ట కప్పినా ఆగదు. అందుకే మా అవ్వ, మా మేనత్త మల్లవ్వ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాటలు పట్టుకుని బావి మెట్ల మీదికి వచ్చేవాళ్లు. అక్కడ నీడ, చల్లటి తేమ... ఆకు మెత్తగా ఉండేది. చేతులు బీడీలు చుట్టేవి. కళ్లు నీళ్ల మీద ఉండేవి.

నీళ్లలోకి దిగే ముందు ఎవరి పేరు వాళ్లు గట్టిగా చెప్పాలి. ఈత రానివాళ్ల నడుముకు మునగకుండా ఎండిన ఆనిగెపుకాయ, అదే సొరకాయ, బుర్ర కట్టాల్సిందే. అత్త ఒక కట్ట బీడీలకు దారం చుట్టడం కాగానే తలెత్తి ఒక్కొక్కరి పేరు పిలిచేది. పలికితే సరే... పలకకపోతే పక్కన చుట్టి పెట్టిన లావు మోటతాడు నీళ్లలో పడేది. దాని వెనకే అత్త.

ఒకరోజు రాజేశం పలకలేదు. మాకంటే పెద్దవాడు, బాగా ఈత వచ్చినవాడు. అత్త చీర గోచి బిగించి దూకింది. వాడేమో రాళ్ల సందులో ముక్కు మాత్రం పైకి పెట్టి నవ్వుతున్నాడు. జుట్టు పట్టి మెట్ల మీదికి లాక్కొచ్చింది. కొడుతుందనుకున్నాం... కొట్టలేదు. కత్తెర చేతిలో పెట్టింది.

"పిలిస్తే పలుకనోనికి నీళ్లల్ల ఏం పని బిడ్డా? గీడ కూసో. ఆకు కత్తిరియ్యి."

ఆ ఎండాకాలమంతా వాడు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆకు కత్తిరించాడు. రాజవ్వా, ఓ రాజవ్వా అని మేం నీళ్లలోంచి ఏడిపించేవాళ్లం. పోను పోను అత్త పేర్లు పిలిచే పని కూడా వాడికే అప్పగించింది. ఒక్క పేరు మరిచేవాడు కాదు.

ఆ రాజేశమే ఇప్పుడు మన మునిసిపల్ మెంబరు. తాళం కోసం చెయ్యెత్తినవాళ్లలో అతనూ ఉన్నాడు.

బావిని బాగు చేస్తామంటే సంతోషించాం. సున్నం కొట్టారు, ఇనుప గేటు పెట్టారు, పిల్లల క్షేమం కోసమే అన్నారు. ఆకు ముక్కలతో మెట్లు చెత్తవుతున్నాయని మమ్మల్ని లేపారు. పాత తాడు చూడడానికి బాగాలేదని తీసేశారు. తాళం వేశారు... మెట్ల వైపు. ఒకప్పుడు ఎడ్లతో మోట కొట్టిన వైపు గోడా లేదు, గేటూ లేదు. అటు అడుగు పెట్టడానికి మెట్టు ఉండదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దిగీ దిగగానే లోతు.

ఎండలు ముదిరితే పిల్లలు ఆగుతారా? శారద అటు నుంచే దూకింది. పిల్ల తేలలేదని తోటివాళ్లు గమనించేసరికే ఆలస్యమైంది. కట్టెల బండి తోలుకుపోతున్న మనిషి ఎవరో అరుపులు విని దూకాడు కాబట్టి బతికింది. ఇప్పటికీ స్నానానికి చెంబుతో నీళ్లు పోస్తే వణుకుతోంది.

మేం ఆఫీసుకు పోయాం. ఓవర్సియర్ మర్యాదగానే కూర్చోమన్నాడు. తాళం ఉండగా పిల్ల ఎందుకు దిగిందని మమ్మల్నే అడిగాడు. తాళం వేశాక తమ జిమ్మేదారి అయిపోయిందన్నాడు. రాజేశం అక్కడే ఉన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మా అత్తకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. గొంతు మాత్రం అప్పటిదే.

"తాళానికి నోరున్నదా సారూ? పోరగాండ్ల పేర్లు పిలుస్తదా?"

ఓవర్సియర్ ఫైలు మూసి లేచిపోయాడు.

అందుకే ఇది రాస్తున్నాను. మునిసిపాలిటీ వాళ్లారా, మేం కొత్త పార్కు అడగడం లేదు. మోట వైపు గోడ కట్టండి. మెట్ల వైపు తాళం తీయండి. తాడు తెచ్చి పెట్టండి. మధ్యాహ్నం మా చాటలకు మెట్ల మీద చోటివ్వండి. కాపలా మేం ఉంటాం, జీతం అడగం, లేచేటప్పుడు మెట్లు ఊడ్చే లేస్తాం.

ఆదివారం అంగడి ముగిసేలోపు మీ జవాబు ఈ కాగితం పక్కనే అంటించాలి. లేదంటే సోమవారం పొద్దున మా వాడ మొత్తం చాటలతో వచ్చి గేటు ముందు కూర్చుంటుంది. మోట వైపు గోడకు రాళ్లు మేమే మోస్తాం. ఎవరు ఆపుతారో చూస్తాం.

మా చిన్నప్పుడు గేటు లేదు, సున్నం లేదు... పిలిచే మనిషి ఉండేది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క మనిషిని మెట్ల మీంచి లేపారు.

ఆ బావిలో ఈత నేర్చినవాళ్లు కింద మీ పేరు రాయండి. మీ నడుముకు బుర్ర కట్టిందెవరో వాళ్ల పేరూ రాయండి. రాయడం రానివాళ్లు నాకు చెప్పండి, నేను రాస్తాను.

ఆ పేర్లన్నిటికంటే పైన ఒక వరుస ఖాళీగా వదిలాను. రాజేశం అన్నా... అత్త పిలుస్తోంది. ఆదివారం లోపు పలుకు.