తిరిగే పలకముక్కలు

అది ఫ్యాను కాదమ్మా, మీ తాత కట్టిన పలకముక్కలు. మొన్న వీడియో కాల్లో నా నెత్తిమీద ఏదో తిరుగుతోందని అడిగావు కదా, అదే.

మార్కాపురంలో పలకలు కోసే మిషను దగ్గర మీ తాత వయసంతా గడిచింది. రాయి కోసేటప్పుడు లేచే పొడి జుట్టులో, కనుబొమల్లో, చివరికి ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక పని చేయలేక ఇంటికి వచ్చేసిన రోజు సంచీలో విరిగిన ముక్కలు తెచ్చుకున్నాడు. వాటి అంచులు అరగదీసి, బెజ్జాలు పెట్టి, సైకిల్ పుల్లలకు నైలాన్ దారంతో వేలాడదీశాడు. ఒక కొసన పెద్ద ముక్క ఒక్కటే, రెండో కొసన చిన్నవి కొన్ని. చూస్తే పెద్దదే కిందికి గుంజుకుపోవాలి. పోదు. దారం ఎక్కడ కట్టాలో పుల్లను వేలిమీద నిలబెట్టి చూసుకునేవాడు. అప్పటికీ ఒరిగితే తేలికవైపు ఒక చుక్క కొవ్వొత్తి మైనం.

పక్కింటి కోడలు గుమ్మంలోంచే, "ఏం పెదనాయనా, పాపం పలకలకు ఉరేసినావే?" అంది.

"బడికి పోమంటాండాయి పాపా, అందుకే," అన్నాడు. నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది.

దాన్ని సరిగ్గా తన మంచం పైన దూలానికి కట్టించుకున్నాడు. తెల్లారగానే పడుకున్నచోటి నుంచే పైకి ఊదేవాడు.

"ఏమే, తలుపు మూసినావా?" అని ముందు నన్ను అడిగేవాడు.

"మూసినా. కిటికీ గూడా మూసినా. ఉడకపోస్తా ఉంది మామా, ఫ్యానన్నా ఏసుకో."

"ఉండు. గాలి తిప్పితే లెక్క గాదు. నేను తిప్పల్ల."

మొదట్లో అన్నీ తిరిగేవి. తర్వాత కింది వరుస మాత్రమే. పెద్దాసుపత్రిలో ఊపిరి చూసే మిషను ఉందట, పోదామన్నాను.

"ఒక మిషను కాడ పోగొట్టుకున్న్యా. ఇంగో మిషనేం జెప్తాది?" అన్నాడు.

వానలు పడేనాటికి అన్నిటికంటే చిన్న ముక్క ఒక్కటే వణికేది. ఆ తర్వాత అదీ లేదు. అయినా ఊదుతూనే ఉండేవాడు. చూడలేక నేను ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళేదాన్ని.

ఆ పొద్దు తలుపు దగ్గరికేసి ట్యాంకరు నీళ్ళకు పోయాను. బిందెతో వచ్చి, మోకాలితో తలుపు తోసుకుని లోపలికి వచ్చి తలెత్తితే, ముక్కలన్నీ తిరుగుతున్నాయి. పెద్దది కూడా.

"మామా, తిప్పినావే!" అన్నాను.

బిందె దించి చేయి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఊపిరి లేదు. పైన ముక్కలు ఇంకా ఆగలేదు.

ఇప్పుడు ఆ మంచం మీద నేను పడుకుంటున్నాను. మైనం రాలితే మళ్ళీ అంటిస్తాను. ఒక్కోసారి తలుపు దగ్గరికేసి, బయట కాసేపు నిలబడి, మోకాలితోనే తోసుకుని వచ్చి చూస్తాను. ఒకనాడు బాగా తిరుగుతాయి. ఒకనాడు కదలనే కదలవు.

ఆ పొద్దు వాటిని తిప్పింది మీ తాతేనా, నాతోపాటు లోపలికి వచ్చిన గాలా?