అక్క మచ్చిక చేసిన ఇంజన్

ముందే ఒట్టు వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా టెంట్ హౌస్‌లోని షామియానాల మీద, కుర్చీల మీద, పెళ్లిళ్లకు పోయి తిరిగిరాని గంటెల మీద ఒట్టు. జగిత్యాలలో నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ల ఇళ్లలో దావత్ అయినప్పుడు, కూర చల్లారినా లేవకుండా నా ముచ్చట్లు విన్నది వాళ్లే.

ఇది మా అక్క సంగతి. మేము పుట్టి పెరిగింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. మా ఊళ్లో వాటిని సాంచాలంటారు. సాంచాలున్న ఇంట్లో మాట వినపడాలంటే అరవాలి. అట్లా అరిచి అరిచి నాకు గొంతు పెరిగింది, విని విని అక్కకు చెవి పెరిగింది. వంటింట్లో రొట్టె కాలుస్తూనే షెడ్డులో ఏ సాంచ చప్పుడు మారిందో చెప్పేది. మా నాయన పోయి చూస్తే అక్కడ పోగు తెగి ఉండేది, లేదంటే బేరింగ్ వేడెక్కి ఉండేది. తర్వాత ఆమెను కోరుట్లకు ఇచ్చారు. నేను జగిత్యాలకు వచ్చి టెంట్ హౌస్ పెట్టుకున్నాను.

బావ పెళ్లైన కొత్తలోనే గల్ఫ్‌కు పోయాడు. అక్కడ ఒక షేక్ ఇంట్లో డ్రైవర్. సెలవు మీద వచ్చిన రోజులు తీసేస్తే అక్క కాపురమంతా ఫోన్లోనే జరిగింది. జుట్టు నెరిసినాక, ఇక పోనని చెప్పి వచ్చేశాడు. వచ్చి ఒక పాత ఏడు సీట్ల డీజిల్ బండి కొన్నాడు. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లను శంషాబాద్‌లో విమానం దగ్గర దింపాలి, వచ్చేవాళ్లను ఇంటికి చేర్చాలి. మా దిక్కు ఆ గిరాకీకి ఎన్నడూ కరువు లేదు.

అయితే బండికి పైన రంగు బాగుంది గాని లోపల ఇంజన్ అరిగిపోయి ఉంది. ఆయిల్ తాగి నీలం పొగ వదిలేది. కోరుట్ల మెకానిక్ ఇంజన్ దింపి, విప్పి, సిలిండర్లు బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసి ఇచ్చాడు. కొన్నాళ్లు జాగ్రత్తగా తోలమని చెప్పాడు. జాగ్రత్త అంటే బావకు తెలిసింది ఒకటే. ఎడారిలో షేక్ గారు వచ్చి కూర్చునేసరికి బండి చల్లగా ఉండాలని, ఏసీ వేసి, పొద్దంతా ఇంజన్ ఆపకుండా నిలబెట్టేవాడు. ఆ మర్యాదే తన బండికీ చేశాడు. టైర్లతో నిమ్మకాయలు తొక్కించి, వాకిట్లో నిలబెట్టి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఊరికే తిప్పాడు. వాడకట్టంతా వచ్చి, ఇంజన్ ఎంత మెత్తగా తిరుగుతోందో అని మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకోవడంలో నేనెప్పుడూ వెనకపడలేదు.

ఆ తర్వాత కొండగట్టు. మా దిక్కు కొత్త బండైనా, కొత్తగా ఇంజన్ చేసిన బండైనా ముందు అంజన్న దగ్గర పూజ కావాల్సిందే, పూజకు ఇంటిల్లిపాదీ పోవాల్సిందే. ఆ ఏడు సీట్లలో ఎంతమందిమి పట్టామో చెప్పను, చెబితే నా ఒట్టు మీద అనుమానం వస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు బావ గేరు తగ్గించలేదు, ఏసీ ఆపలేదు. దేవుడు కరుణించి పైకి చేర్చాడు. ఇంజన్ మాత్రం కరుణించలేదు. కొన్నాళ్లకే మళ్లీ పొగ మొదలైంది. ఆయిల్ తగ్గుతూ వచ్చింది. ఒకరోజు జగిత్యాల రోడ్డు మీద ఇంజన్ పట్టేసి, బండి ఉన్నచోటే నిలబడిపోయింది.

మెకానిక్ మళ్లీ విప్పి, అక్కను పిలిచి, సిలిండర్ లోపల వేలు పెట్టి చూడమన్నాడు.

"అద్దం లెక్క అయింది గదా అక్కా. కొత్తల గీ గోడ మీద సన్న గీతలుంటయ్. బండి బరువు గుంజుతుంటెనే రింగులు గా గీతలకు ఒరుసుకొని కుదురుకుంటయ్. వాకిట్ల నిలవెట్టి తిప్పితె నున్నగైతది, రింగు పట్టది. ఆయిలంత పైకెక్కి కాలిపోయింది, ఎండిపోయి పట్కున్నది."

అక్క వేలు తీసి కొంగుకు తుడుచుకుంది. "ఇసుర్రాయి ముచ్చటే గదా. నున్నగైతె పిండి పడది. మళ్ల గంట్లు కొట్టియ్యాలె."

మెకానిక్ సరిగ్గా అంతే అన్నాడు. గంట్లు కొట్టిస్తానుగాని ఒక షరతు ఉందన్నాడు. ఈసారి తాళంచెవి బావ చేతికి ఇవ్వడు, అక్క చేతికే ఇస్తాడు. బావ మొహం చిన్నబోయింది. కానీ ఎదురు చెప్పలేదు. జగిత్యాలలో గల్ఫ్‌కు పంపే ఏజెంటు అప్పటికే ఆయన పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడు, వీసా ఉంది, ఊ అంటే చాలు అంటున్నాడు. ఈ ఇంజన్ కూడా పోతే ఆ వయసులో మళ్లీ ఎడారే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

రెండోసారి ఇంజన్ ఎక్కించాక మెకానిక్ చెప్పినవి తక్కువే. నిలబెట్టి తిప్పొద్దు. ఒక్క తీరుగా తోలొద్దు, వేగం ఎక్కించాలి, దించాలి. ఇద్దరు ముగ్గురు సరే గాని పెళ్లివాళ్లను ఎక్కించొద్దు. మొదటి ఆయిల్ తొందరగా మార్చాలి. అక్క వీటిని ఏ కాగితం మీదా రాసుకోలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, ముందు సీట్లో కూర్చుని, అద్దం కింద పలక మీద అరచెయ్యి ఆనించి పెట్టేది. సాంచ మీద చెయ్యి పెట్టినట్టే.

అట్లా కోరుట్ల నుంచి జగిత్యాలకు, జగిత్యాల నుంచి కోరుట్లకు రోజూ తిరిగేవాళ్లు. కొన్నాళ్లు నేను వెనక కూర్చున్నాను. మా అక్క బావతో నలుగురిలో నేరుగా మాట్లాడదు, ఏదైనా నా మీదుగానే పోవాలి.

"తమ్మీ, మీ బావకు చెప్పు, కాలు ఎత్తుమను."

"బామ్మర్దీ, మీ అక్కకు చెప్పు, ఎనుక బస్సోడు హారన్ కొడుతుండు."

"కొట్టనియ్యుమను. వాని ఇంజన్ ఎవలు చేసిండ్రో మనకేం ఎరుక."

ఎక్కించడం, దించడం. ఎక్కించడం, దించడం. ఆటోలు దాటిపోయాయి, ట్రాక్టర్లు దాటిపోయాయి. ఒకనాడు అక్క దించమన్న గడియలోనే ఒక గొర్రెల మంద మమ్మల్ని దాటిపోయింది. మందలో చివరి గొర్రె వెనక్కి తిరిగి, బండిలో ఎవరికైనా బాగాలేదేమోనని కాసేపు ఆగి చూసింది. ఇది నేను మా ఇంట్లో చెబితే నమ్మలేదు. మీ ఇష్టం.

కొండగట్టు పూజ మాటేమిటని అత్తగారి తరపు ఆడవాళ్లు పట్టుబట్టారు. అక్క కాదనలేదు. ఆడవాళ్లందరి చేతుల్లో ఆధార్ కార్డులు పెట్టి ఉచిత బస్సు ఎక్కించింది. కొబ్బరికాయలు, పూలదండ, బావ, తను బండిలో పోయారు. దేవుడి ముందుకు జనం అంతా వచ్చారు, బండీ వచ్చింది, బరువు మాత్రం రాలేదు. ఆనాడు నేను ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను.

మచ్చిక ఇంకా పూర్తికాకముందే అసలు పరీక్ష వచ్చింది. ఒక మధ్యాహ్నం పక్క వాడకట్టు నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. సెలవు మీద వచ్చిన తన కొడుకు ఆ రాత్రి విమానానికి తిరిగి పోవాలి, మాట్లాడుకున్న బండి రాలేదు, వేళకు చేరకపోతే కొలువు పోతుంది. బావ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది, తాళంచెవి అక్కడ లేదు. అందరూ అక్కను చూశారు.

మా దిక్కు గల్ఫ్‌కు పోయే మనిషిని సాగనంపడమంటే వాకిట్లో చెయ్యి ఊపడం కాదు. తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, అక్కలు, బావలు, పచ్చడి డబ్బాలు, అంతా కలిసి విమానం దాకా పోతారు. మేము పోయేసరికి వాళ్లంతా కొత్తబట్టలు కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నారు. అంత బరువుతో అంత దూరం వేగంగా పోతే ఇంజన్ కొండగట్టు కథే. పోనంటే ఒక మనిషి అన్నం పోతుంది.

అక్క కొంగుముడి మీద చెయ్యి పెట్టుకుని ఆ తల్లి దగ్గరికి పోయింది.

"ఒదినా, ఒక్కడే ఎక్కుతడు. ఒక్క పెట్టె. ఏడ్చేదేదో ఈడనే కడుపునిండ ఏడువుర్రి, విమానం కాడ ఏడిస్తె లోపటికి గూడ రానియ్యరు. నీ కొడుకును నేను దించొస్త, నా కొడుకు లెక్క."

 ఆ తల్లి కొడుకు తల నిమిరి, బండి తలుపు తానే తీసింది. అట్లా విమానాశ్రయం దగ్గర జరగాల్సిన ఏడుపంతా కోరుట్ల సందులోనే జరిగింది. నేను చూసినవాటిలో అంత నిండైన సాగనంపు ఇంకొకటి లేదు.

నేను వెనక, గల్ఫ్‌కు పోయే ఆ మనిషి పక్కన కూర్చున్నాను. బావ ఎక్కిస్తున్నాడు, దించుతున్నాడు. వేములవాడ దాటేసరికి ఆ మనిషి ముందు సీటును గట్టిగా పట్టుకున్నాడు. బండికి ఏదైనా రోగమా అని నా చెవిలో అడిగాడు. బాలింత బండి, కొంచెం చూసి తోలాలి అన్నాను.

సిరిసిల్లలో అక్క బండి ఆపించింది. మా పుట్టింటి వీధిలోని షెడ్డు నుంచి తెల్లగుడ్డ ముక్క తెచ్చి, ఇంజన్ కింద పరిచింది. ఆయిల్ ఎక్కడైనా కారుతోందా అన్నది ఆ గుడ్డ చెప్పాలి. చాయ్ తెప్పించుకుని అందరం ఆ గుడ్డను చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి టప్పున ఒక చుక్క పడింది. బావ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన మొహంలో ఏజెంటు ఆఫీసు కనపడింది నాకు.

అక్క వంగి చుక్కను వేలితో తీసింది. వాసన చూసింది.

"నీళ్లు," అంది. "ఏసీయి. ఏసీ ఎవలు పెట్టిండ్రు?"

ఆ మనిషి తల దించుకున్నాడు. "ఉడకపోస్తె నేనే పెట్టుమన్న పెద్దమ్మా."

కొత్త ఇంజన్ మీద ఏసీ భారం వద్దని అక్క కోరుట్లలోనే చెప్పింది. తిడుతుందనుకున్నాను. ఆమె గుడ్డ మడిచి, కాసేపు ఆయన్ను చూసింది.

"పెట్టుకో కొడుకా. సిద్దిపేట దాక పెట్టుకో. ఆ ఎడారిల నీకెవలు పెడ్తరు."

వేళకే దింపారు. తర్వాత కొన్ని రోజులకు మెకానిక్ మొదటి ఆయిల్ దింపి, అరచేతిలో పోసుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. సన్నటి మెరుపు ఉంది, కొత్త రింగులు కుదురుకునేటప్పుడు అంత మెరుపు ఉంటుందట, భయం లేదన్నాడు. పొగ గొట్టంలో వేలు పెడితే పొడి మసి అంటింది తప్ప జిడ్డు లేదు. బావ ఆ సాయంత్రమే జగిత్యాల వచ్చి, ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని, మా టెంట్ హౌస్‌లో కూర్చుని చాయ్ తాగి పోయాడు. ఇప్పుడు ఆ బండి వారానికి ఎన్నిసార్లు శంషాబాద్ పోతుందో నేను లెక్కపెట్టడం మానేశాను.

ఇక ఒట్టు సంగతి. గొర్రె మీద మీకు అనుమానం ఉంటుంది. గొర్రె నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఆ శంషాబాద్ ప్రయాణంలో నేను ఉండటం. ఎక్కబోతే అక్క నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి, పచ్చడి డబ్బాలే దింపించినం తమ్మీ, నువ్వెక్కడ అంది. ఆ తల్లితో పాటు నేనూ సందులోనే నిలబడి చెయ్యి ఊపాను. గుడ్డ, చుక్క, ఏసీ, అన్నీ తర్వాత వాళ్లిద్దరూ చెప్పినవే, వాటి మధ్యలో నాకొక సీటు వేసుకున్నాను, అంతే.

మరి నేను లేని బండిలో అక్క బావతో ఎవరి మీదుగా మాట్లాడిందని అడిగాను. బావ నవ్వాడు. పోయేటప్పుడు నేరుగానే తిట్టిందట. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, సిద్దిపేట దాటి తెల్లవారుతుండగా, పలక మీది చెయ్యి జారి ఒళ్లో పడిందట. చూస్తే నిద్రపోయి ఉంది. ఇంజన్ తిరుగుతుండగా ఆమె నిద్రపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎవరూ చెప్పకుండానే మెల్లగా ఎక్కిస్తూ, మెల్లగా దించుతూ, ఆమె మెలకువ రాకుండా కోరుట్ల దాకా తెచ్చానన్నాడు.