ప్రకాశరావు లాగిన కేబులు

రిటైర్మెంటుకి రెండేళ్లుండగా నన్ను ఐనవిల్లికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేసేరు. పని ఒక్కటే: కేంద్రం నిధులతో పంచాయతీ ఆఫీసులకి ఇంటర్నెట్ ఫైబర్ చేర్చడం. అదే పని మీద పక్కనున్న అంబాజీపేటకి ప్రకాశరావు వచ్చేడు. నా బ్యాచ్‌మేటే. ట్రైనింగు రోజుల్నుంచీ వాడికి అన్నీ నాకంటే ముందే, ప్రమోషనుతో సహా.

పంచాయతీ ఆఫీసు దాకా వేసేది మొదటి విడత. ఇళ్లకి లైన్లిచ్చే రెండో విడత నిధులు, రెండు మండలాల్లో వాడకం ఎక్కడ బాగుంటే అక్కడికే ముందు ఇస్తామని పైఆఫీసరు గారు మీటింగులో చెప్పేరు. అవి నాకే రావాలని అక్కడే పంతం పట్టేను.

రూలు ప్రకారం కేబులు భూమిలో వెయ్యాలి. కాలవగట్టు తవ్వాలంటే ఇరిగేషన్ వాళ్ల అనుమతి కావాలి. దానికోసం నేను చెప్పులరిగేలా తిరుగుతూంటే, ప్రకాశరావు రైతుల్ని బతిమాలుకుని కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి కేబులు లాగించేసేడు. నెట్ వచ్చేసింది. పైఆఫీసరు గారు వాణ్ణి పిలిచి శాలువా కప్పేరు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒళ్లు మండిపోయింది.

కోనసీమలో కొబ్బరికాయల దింపు అనేదొకటుంటుందని మహానుభావుడు మర్చిపోయేడు. చెట్టెక్కినవాడు గెల నరికితే, కింద కేబులుందని అది ఆగుతుందా? మొదటి దింపుకే తెగింది. "బావా, స్ప్లైసింగ్ మిషను పట్టుకురా" అని ఫోను చేసేడు. తెగిన గాజుపోగుల్ని కరిగించి అతికే ఆ మిషను మా ఇద్దరికీ కలిపి ఒక్కటే, నా దగ్గరుండేది. జీపులో పాటలు పెట్టుకుని మరీ వెళ్లేను, దాచడమెందుకు!

పంచాయతీ ఆఫీసు అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు నెట్ ఎప్పుడొస్తుందా అని ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ భర్త మస్కట్లో ఉంటాడట, రోజూ ఇక్కడికొచ్చి అతనితో వీడియోలో మాట్లాడుతుందట. నేను ఐనవిల్లి ఇంజనీర్నని చెప్పి, ఇలాంటి కేబులుతో మీకు ఇబ్బందే కదమ్మా అని కావాలనే కదిపేను.

"ఆయ్, తెగుతాదండీ. ప్రకాశరావు గారొచ్చి అతికించేత్తారండి. మీ ఐనవిల్లికి ఎప్పుడొత్తాదండీ?" అంది.

మిషను ప్రకాశరావు చేతిలో పెట్టి ఎండలో నిలబడ్డాను.

ఆ తరవాత కూడా దింపు దింపుకీ అది తెగింది, వాడు అతుకుతూనే ఉన్నాడు. నా కేబులు మరుసటేడు అనుమతి వచ్చేక గట్టు కింద భూమిలో పడింది. ఇప్పటిదాకా తెగలేదు, ఎవరినైనా అడగండి. కానీ అప్పటికే మావాళ్లంతా ఫోను డేటాకీ, కేబుల్ టీవీ వాళ్ల నెట్‌కీ అలవాటు పడిపోయేరు. మా పంచాయతీ అరుగు మీద ఒక్కరూ కూర్చోలేదు. రెండో విడత అంబాజీపేటకి వెళ్లిపోయింది. ఇళ్లకి లైన్లిస్తూ, పనిలో పనిగా ప్రకాశరావు పాత కేబుల్ని కూడా భూమిలో వేయించేసేడు!

సర్కారు సొమ్ముతో చేసే పని గట్టిగా ఉంటే చాలదు, జనం ఎదురుచూస్తున్నప్పుడే వాళ్ల చేతికందాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. ప్రకాశరావుతో మాత్రం ఈ మాట ఇంతవరకూ అనలేదు. అనను కూడా.