గట్టయ్య స్టవ్వు కాలికి బెజ్జం

1938 ఎండాకాలంలో ఒక మంగళవారం పొద్దున ఇంద్రసేన వకీలు తన నల్లకోటు కుడి చేతిని టీగిన్నెలో ముంచాడు. మోచేతి దాకా మునిగింది. టీ ఇంకా మరగలేదు కనుక చెయ్యి కాలలేదు. చక్కెర పడింది కనుక టీ పారబోయలేదు, వడగట్టుకుని తాగాడు. ఆ కోటుతోనే పదిన్నరకు కోర్టుకు వెళ్లాడు.

నాంపల్లిలో కిరాయి తగాదాలు నడుపుకునే చిన్న వకీలాయన. ఏ వస్తువు మీద కేసు నడుస్తోందో దాన్ని ఇంట్లో వాడి చూడందే కోర్టులో నోరు విప్పడు. తాళం కేసప్పుడు స్నానాలగదిలో ఇరుక్కుపోయి, పూటంతా పక్కింటివాళ్లతో కిటికీలోంచి మర్యాదగా కబుర్లు చెప్పాడు. ఈసారి స్టవ్వు వంతు వచ్చింది.

అబిడ్స్ వెనక సందులో రేకుపని చేసే గట్టయ్య, ఎంత గాలికైనా ఆరిపోని కిరసనాయిలు స్టవ్వు కనిపెట్టాడు. బొమ్మ గీయించి పేటెంటు కూడా తీసుకున్నాడు. రెండేళ్లకు బొంబాయి కంపెనీ ఒకటి అచ్చం అలాంటిదే బజారులో దింపింది. పైగా తమదే అసలుదని, గట్టయ్యదే నకలని, అతని పేటెంటు కొట్టెయ్యాలని దావా వేసింది. ఓడితే గట్టయ్య తన స్టవ్వు తానే చెయ్యకూడదు. కంపెనీయే అమ్మకం ఆపాలని గట్టయ్య తరఫున ఇంద్రసేన ఎదురు దావా వేశాడు.

ఆ పొద్దున వకీలు వంటింట్లో రెండు స్టవ్వులూ పక్కపక్కన వెలుగుతున్నాయి. వకీలు భార్య నర్మద వంగి చూసింది.

“గట్టయ్యా, కాలికి గీ బెజ్జం ఏంది?”

గట్టయ్య సిగ్గుపడ్డాడు. “దిష్టికమ్మా. మొదటి స్టవ్వుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టెతందుకు పొడిచిన. బొమ్మ గీసినాయన గది సుత గీసిండు.”

“మరి కంపెనీ దానికి గూడ ఉన్నది గద!”

ఇంద్రసేన చేతులెత్తి గంతేశాడు. కుడిచెయ్యి దిగినచోట టీగిన్నె ఉంది.

కోర్టులో కంపెనీ ఇంజనీరు బోనెక్కాడు. ఉర్దూలో జరిగిన సవాలు జవాబు తెలుగులో ఇంత:

“కాలికి ఈ బెజ్జం ఎందుకు సాహెబ్?” అన్నాడు ఇంద్రసేన, కోటు చేతిమీద మూగిన ఈగలను తోలుకుంటూ.

“వేడికి లోహం వ్యాకోచిస్తుంది. దానికి సర్దుబాటు.”

“మూడు కాళ్లలో ఒక్కటే వేడెక్కుతుందా?”

ఇంజనీరు ఆలోచించాడు. “అది ముఖ్యమైన కాలు.”

జడ్జిగారు మూడు కాళ్లనూ మార్చి మార్చి చూశారు.

అప్పుడు గట్టయ్య తన మొదటి స్టవ్వు తెచ్చి బల్లమీద పెట్టాడు. ముఖ్యమైన కాలికి ఎండుమిరపకాయల దండ ఇంకా వేలాడుతోంది. అదెందుకో గట్టయ్య చెప్పాడు. వెలిగించి చూపించమన్నారు జడ్జిగారు. పంకా గాలికి మంట ఆరలేదు గాని, దండ ఎగిరి మంటలో పడింది.

జడ్జిగారు దగ్గారు. ఇంజనీరు పదకొండుసార్లు తుమ్మాడు. చప్రాసీ కిటికీలు తెరుస్తూ బోరుమన్నాడు. రుమాలు చాటునుంచే జడ్జిగారు, “ఇంజనీరు సాహెబ్, బొంబాయిలో మీరు మిరపకాయలు ఎక్కడ కడతారు?” అని అడిగారు. జవాబుగా పన్నెండో తుమ్ము వచ్చింది. పేటెంటు గట్టయ్యదేనని, కంపెనీ ఆ స్టవ్వులు అమ్మడం ఆపాలని అక్కడికక్కడే తీర్పు చెప్పి బయటికి పరుగెత్తారు.

వరండాలో కంపెనీ తరఫు బారిస్టరు, గన్‌ఫౌండ్రీలో పెద్ద ఆఫీసున్నాయన, ఎర్రబడ్డ కళ్లతో అడ్డం వచ్చాడు.

“ఏందయ్యా ఇంద్రసేనా! నిండు కోర్టుల మిరపకాయలు కాల్చి మమ్ముల ఏడిపిస్తవా? గిదేం వకాల్తయ్యా?”

“ఘాటొచ్చింది గద సార్, గట్టయ్యకు దిష్టి పోయినట్టే!”