నమ్మలేదని చెప్పిన వ్యాసం

మూడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్టాఫ్‌రూమ్‌లో అసలే చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆ ఏడాది ఏఐ అంటే మా అందరికీ కొత్త భయం. పిల్లల అసైన్‌మెంట్లన్నీ ఒకే నున్నటి తెలుగులో వస్తుండేవి. మీ ఇంట్లో ఒకరు చేసే పని గురించి వ్యాసం రాసి పంపమన్నాను. రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. పేరు మార్చి నూకరత్నం అంటాను. సముద్రం ఒడ్డు ఊరు. వాళ్లమ్మ చేపలు అమ్ముతుంది.

ఆ వ్యాసంలో ఒకచోట ఇలా ఉంది: "అమ్మ మొప్పలెత్తి చూపిస్తే కొనేవాళ్లు చేపను చూస్తారు. నేను అమ్మ వేళ్లు చూస్తాను. ఐసులో నాని నాని వాటి గీతలు పోయాయి. రేషన్ మిషన్ మా అమ్మను గుర్తుపట్టదు."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి నాలుగు వాక్యాలు నేను రాయలేదు. అనుమానం అందుకే వచ్చిందా? వ్యాసాన్ని ఏఐ రాతను పట్టిచ్చే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. మెషీన్ రాసిందేనంది. సున్నా వేశాను. స్టాఫ్ మీటింగ్‌లో గొప్పగా చెప్పుకున్నాను, ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారు.

మర్నాడు ఆమె వచ్చింది.

"మేడమ్, అది నానే రాసేను. సేరు ఆటోలో వత్తా ఫోన్లో రాసుకున్నాను."

"సాఫ్ట్‌వేర్ అలా చెప్పడం లేదు."

"దానికేటి తెలుసు మేడమ్? కాయితం ఇవ్వండి. మీ ఎదరే కూకుని రాత్తాను. ఏటి రాయమంటే అదే."

పొద్దున్న ప్రయాణం గురించి రాయమన్నాను. అరగంటలో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. అచ్యుతాపురం కంపెనీ బస్సుల్లో కిటికీ పక్కవాళ్లంతా నిద్రపోతుంటారట. వాళ్లు చూడని తెల్లవారుజామును చేపల బుట్టతో వాళ్లమ్మ ఒక్కతే చూస్తుందట. చివరిదాకా చదివాను. ఆ క్షణంలోనే తెలిసిపోయింది నాకు.

అయినా ఏమన్నానో తెలుసా?

"ఇది కూడా బట్టీ పట్టి వచ్చావేమో."

ఆమె నా వంక చూసింది. "సరే మేడమ్" అని వెళ్లిపోయింది. మార్కు మార్చలేదు. మీటింగ్‌లో చెప్పిన మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని, మిగతావాళ్లూ నా మార్కులను ప్రశ్నిస్తారని, నన్ను చూసి నవ్వుతారని, ఇన్ని లెక్కలు వేసుకున్నాను గానీ, పందొమ్మిదేళ్ల పిల్ల తన మాటకు తానే సాక్ష్యంగా నా ముందు కూర్చోవడానికి ఎంత ధైర్యం కావాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆమె నాకు గైడు వాక్యాలే రాసింది. వాటికి మంచి మార్కులు వేశాను.

ఫేర్‌వెల్ రోజు జూనియర్లతో అంటుంటే విన్నాను: "సిత్తుకాయితాలు పారేయకండే. మొదటి మాట నుంచీ దాసుకోండి. ఎవరడిగినా సూపించొచ్చు." గొంతులో కోపం లేదు. తనకు జరిగింది ఇంకొకరికి జరగకూడదన్న జాగ్రత్త, అంతే. అంత పెద్ద మనసు నాకెక్కడిది?

ఇప్పుడు నేనూ చిత్తుప్రతులు చూశాకే మార్కులు వేస్తాను. మంచి పద్ధతి కనిపెట్టారని తోటి లెక్చరర్లు అంటారు. అది ఎవరి పద్ధతో చెప్పలేదు.

నూకరత్నం ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. నేనే కనుక్కోలేదు. క్షమించమని అడిగే అర్హత ఉందో లేదో తెలియదు. ఈ ఒక్కటి మాత్రం ఈ రోజు రాయగలిగాను: ఆ వ్యాసం ఆ అమ్మాయే రాసింది. ఆ సంగతి నాకు తెలుసు.