బావ కంటికి ఆనని తీగ

కరెంటు బల్బు ఎలా వెలుగుతుందో బళ్లో ఎవరూ నాకు బుర్రకెక్కేలా చెప్పలేదు. అచ్యుతాపురంలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో ఫర్నేస్ ముందు నిలబెట్టి మా బావ చెప్పాడు. బావంటే అక్క మొగుడు. నన్ను అక్కడ పనిలో పెట్టించిందీ ఆయనే. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు.

"బల్బులో ఏటుంటాది బావా? సన్నపు తీగ. కరెంటు దాంట్లో దూరలేక దూరలేక ఎల్తాది. ఆ రాపిడికి తీగ కాల్తాది. ముందు ఎర్రబడతాది, మరీ కాల్తే పసుపు, ఇంకా కాల్తే తెలుపు. లోపల గాలి నేదు కాబట్టి మండిపోదు. అంతే. కాల్తేనే ఎలుగు."

మా దగ్గర దుర్భిణిలాంటి పరికరం ఉండేది. దాని లోపలా అలాంటి తీగే. అందులోంచి కరిగిన ఇనుమును చూస్తూ నాబ్ తిప్పితే తీగ వేడెక్కుతుంది. తీగ రంగూ ఇనుము రంగూ ఒకటవగానే తీగ కనబడకుండా పోతుంది. అప్పుడు పైనున్న ముల్లు ఏ అంకె మీదుంటే ఇనుము వేడి అంత. అది చూసి చెప్పడమే బావ ఉద్యోగం.

ఏళ్ల తరబడి ఆ మంటలోకి చూసి చూసి ఆయన చూపు దాదాపు పోయింది. నరం దెబ్బతింది, ఆపరేషను చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. తీగా ముల్లూ ఆనడం మానేసి ఏడాది. ఫర్నేస్ రంగు మాత్రం మసగ్గా తెలిసేది; దాన్నిబట్టి అలవాటు మీద అంకె చెప్పేసేవాడు. చిత్రం, తప్పేది కాదు! బయటపడితే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

ఆయుధపూజ రోజు పరికరాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాం. దుర్భిణిని బల్ల మధ్యలో నేనే పెట్టాను. కొబ్బరికాయ ఆ బల్ల అంచుకే ఠపీమని కొట్టాను. చెక్కలు రెండూ సమానంగా పగిలాయి.

"ఈ ఏడు మనకి డోకా నేదు బావా!" అని మురిసిపోయాడు బావ.

మర్నాడు పొద్దున కొత్త మేనేజరు వచ్చి పక్కనే నిలబడ్డాడు. బావ కన్ను ఆనించి నాబ్ తిప్పాడు.

"తీగ మాయమైపోనాది సార్. పద్నాలుగొందల ఎనభై."

మేనేజరు ముల్లు చూశాడు. సున్నా మీదే ఉంది. దుర్భిణి తీసుకుని తనూ చూశాడు.

"ఇందులో తీగే వెలగట్లేదు కదయ్యా! ఏం చూసి చెప్పావు?"

అప్పుడు అర్థమైంది నాకు. కాలి కాలి పెళుసెక్కిన తీగ, నా కొబ్బరికాయ దెబ్బకు పుటుక్కుమంది. రోజూ పొద్దున్నే దాన్ని వెలిగించి చూడాల్సిన పని నాదే. పూజయింది కదా, ఇంకేం కాదులే అని ఆ ఒక్కరోజూ చూడలేదు. వెధవన్నర వెధవని!

"వేరేదాంతో కొలవండి సార్, ఆయన మాట తప్పదు" అని మొత్తుకున్నాను. కొలిచారు. అయిదు డిగ్రీలు తేడా, అంతే.

"అంకె సరే. కళ్లేవి?" అన్నాడు మేనేజరు. ఆయన్ని తిట్టుకోవడానికీ లేదు. కరిగిన ఇనుము పక్కన చూపులేని మనిషిని ఎవరు ఉంచుకుంటారు? మధ్యాహ్నానికే బావ గేటుపాసు తీసేసుకున్నారు.

బస్టాపులో బావకి అంతా చెప్పేసి ఏడ్చాను.

"పోన్లే బావా. ఇంక ఆ పని నీకే ఇత్తారు. అదైనా ఇంట్లో ఉంటాది" అన్నాడు.

అన్నట్టే నాకే ఇచ్చారు. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే, "తీగ బాగా కనపడతందా?" అని అడుగుతాడు. ఈమధ్య అది నాకు రెండుగా కనబడుతోంది. బాగానే ఉందని చెబుతున్నాను.