గోవాలో నేను ఆడని ఫైనల్

మా నాయన తర్లుపాడు, మార్కాపురం మధ్య ఆటో నడుపుతాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఇంకా చీకటి ఉండగానే నన్ను మార్కాపురంలో గ్రౌండు దగ్గర దించి, వెంటనే బండి తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. పొద్దున రైలు దిగేవాళ్ళు, పలకల ఫ్యాక్టరీలకు పనికి పోయేవాళ్ళు ఆయనకు మొదటి బేరం. ఆ బేరం తప్పిపోతే రోజంతా వెనకబడ్డట్టే. అందుకని నేను ఫుట్‌బాల్ ఆడడం ఆయన ఎప్పుడూ చూడలేదు. నా బూట్లు చూశాడు, చెక్కుకుపోయిన మోకాళ్ళు చూశాడు. మా గ్రౌండులో గడ్డి ఉండేది కాదు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, నాలుగు చినుకులు పడితే పల్లేరుకాయలు. ఇంటికొచ్చాక అమ్మ దెబ్బల మీద పసుపు పెడుతుంటే నాయన పక్కన కూర్చుని, "ఈ పొద్దు గెలిచినారా?" అని అడిగేవాడు. అది ప్రాక్టీసు, అందులో గెలుపూ ఓటమీ ఉండవని చెప్పినా మర్నాడు మళ్ళీ అదే అడిగేవాడు.

మ్యాచులు ఎక్కడో ఒంగోల్లోనో కర్నూల్లోనో జరిగేవి. అప్పుడు నాయన బండి మీద ఉండేవాడు. "ఒకరోజు వచ్చి కూర్చుని చూస్తాలే పాపా," అనేవాడు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ ఒకరోజుకు తొందరేముంది అనుకునేదాన్ని.

డిగ్రీకి గుంటూరు వెళ్ళాక యూనివర్సిటీ జట్టులోకి తీసుకున్నారు. జట్టులో ఉన్నంత మాత్రాన ఆడతామని కాదు. కుడివైపు ఆడే అమ్మాయి నా కన్నా చాలా బాగా ఆడేది. హాస్టల్లో నా గదిలోనే ఉండేది. ఆమె లోపల ఉంటే నేను బెంచీ మీద. మూడో ఏడాది పోటీలు గోవాలో పెట్టారు. మడగాం చేరామో లేదో ఆ అమ్మాయికి జ్వరం పట్టుకుంది. ఆమె స్థానంలో నన్ను దింపారు. మొదటి మ్యాచ్ గెలిచాం, తర్వాతిదీ గెలిచాం. సెమీఫైనల్ కూడా గెలిచేసరికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. గదికి పోకుండా గ్రౌండు బయట నిలబడే నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, ఫైనల్‌కు వచ్చినాం. శనివారం సాయంత్రం. నేను ఆడతా ఉండా."

అవతల ఆటో ఇంజను చప్పుడు వినిపిస్తూ ఉంది. అది ఆగింది.

"గోవాకు మన స్టేషన్ మీంచే కదా రైలు పోయేది," అన్నాడు నాయన.

ఆ రైలు మా వైపు అందరికీ తెలుసు. నంద్యాలకో గుంటూరుకో పోవాలంటే దాన్నే ఎక్కుతాం. దాని చివరి ఊరు దాకా పోయినవాళ్ళు మాత్రం మా వీధిలో ఎవరూ లేరు. అమ్మ అంగన్‌వాడీలో ఆయా, ఆమెకు సెలవు దొరకలేదు. ఆమెకు బదులు హనుమంతునిపాడు నుంచి మా మేనత్త బయలుదేరింది. నాయనకు అక్క. గొర్రెల్ని కొడుక్కు అప్పజెప్పి, జొన్నరొట్టెలు మూట కట్టుకుని వచ్చేసిందట. "వాడు గుంటూరు దాటి ఎరగడు, ఒక్కణ్ణి ఎట్ల పంపేది?" అందట అమ్మతో. ఆమె ఒంగోలు కూడా దాటి ఎరగదు.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక మడగాం స్టేషన్‌లో వాళ్ళిద్దరూ రైలు దిగారు. నాయన తెల్లచొక్కా జనరల్ పెట్టెలో నలిగిపోయి ఉంది. అత్త దిగీ దిగగానే నా చెయ్యి పట్టుకుని, "ఆ కొండల్లో నీళ్ళు చూసినావా కోడలా? పైనించి పాలు పోసినట్టు పడతా ఉండాయి. మనకాడ ట్యాంకర్ కోసం కొట్టుకు చస్తాంటిమి," అంది. అత్త నన్ను చిన్నప్పటి నుంచీ కోడలా అనే పిలుస్తుంది.

మార్కెట్ దగ్గర ఒక లాడ్జీలో గది తీసుకున్నాం. నాయనకు మార్కాపురం ఆటోస్టాండులో సావాసగాళ్ళలో సగం మంది సాయిబులు. వాళ్ళ దగ్గర పట్టుబడిన ఉర్దూ మాటే ఆయనకు అక్కడ పనికొచ్చింది. లాడ్జీ ఆయన ఆధార్ కార్డు అడిగితే కార్డుతో పాటు, "మేరీ బేటీ ఖేల్‌తీ. కల్ ఫైనల్," అని కూడా చెప్పాడు. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే అందరికీ ప్రాణం. లాడ్జీ ఆయన కుర్చీలోంచి లేచి మొదట నాయనకు, తర్వాత నాకు చెయ్యి కలిపాడు. టీ కొట్టు ముసలాయనకూ నాయన అదే మాట చెప్పాడు. పక్క బెంచీ మీద కూర్చున్న ఇద్దరికీ చెప్పాడు. నాకు సిగ్గేసింది కానీ ఆపబుద్ధి కాలేదు.

సాయంత్రం వాళ్ళను స్టేడియం దగ్గరికి తీసుకెళ్ళాను. గేటు కమ్మీల్లోంచి లోపలి గడ్డి కనిపించింది. అంత పచ్చదనం చూసి అత్త, "మన గొర్రెలు చూడాల్సింది," అంది. నాయన మాత్రం నేను ఏ పక్క నిలబడి ఆడతానో అడిగాడు. చూపించాను. ఎక్కడ కూర్చుంటే బాగా కనపడుతుందో అడిగాడు. అదీ చూపించాను.

"ఆ మెట్ల మీద కూర్చుంటే సగం ఆట నేను మీ ముందే ఉంటా నాయనా."

"అయితే తొందరగా వచ్చి పట్టుకుంటాం," అన్నాడు.

శనివారం పొద్దున మా కోచ్ మేడం నన్ను పిలిచింది. నా గదిలోని అమ్మాయికి జ్వరం పూర్తిగా తగ్గిందనీ, ముందురోజు సాయంత్రం పరిగెత్తి చూపించిందనీ చెప్పింది. "నువ్వు బాగా ఆడావు. కానీ ఫైనల్‌కు ఆమెనే దింపుతున్నాను. నువ్వు రెడీగా ఉండు," అంది. సరే మేడం అన్నాను. మా వాళ్ళు వచ్చారన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్పినా ఆమె మార్చేది కాదు. మార్చకూడదు కూడా. మేడం స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఆ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది. "మీ నాయన అంత దూరం నించి వచ్చినాడు కదా. నాకింకా నీరసంగా ఉందని మేడంతో చెప్తాను," అంది. ఆమె ఊరికే అనలేదు. నేను ఊ అంటే వెళ్ళి చెప్పేది.

"వద్దులే. మనం గెలవాల," అన్నాను.

లాడ్జీకి వెళ్ళేసరికి నాయన చొక్కాను ఇస్త్రీ చేయించుకుని వేసుకుని కూర్చున్నాడు. మ్యాచ్ సాయంత్రం, అప్పటికింకా భోజనాల వేళ కూడా కాలేదు. అత్త తల దువ్వుకుంటూ ఉంది.

"నాయనా, ఈ పొద్దు నన్ను ముందు దింపరంట. ఆ పిల్లకు జ్వరం తగ్గింది."

నాయన నా మొహంలోకి చూశాడు. "ముందు దింపకపోతే ఆట నడాన దింపుతారు కదా?"

"దింపొచ్చు."

"అయితే ఏముంది. నడాన్నే చూస్తాం," అన్నాడు. అత్త దువ్వెన పక్కన పెట్టి ఏదో అనబోయింది. నాయన ఆమె వైపు చూశాడు, ఆమె మళ్ళీ దువ్వెన అందుకుంది.

నేను చూపించిన చోటే వాళ్ళు కూర్చున్నారు. మా బెంచీ ఎదురుగా అవతలి వైపు ఉంది. మధ్యలో అంత పెద్ద మైదానం ఉన్నా తెల్లచొక్కా, దాని పక్కన అత్త పసుపుపచ్చ చీర నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉన్నాయి. నా గదిలోని అమ్మాయి బంతి తీసుకుని వాళ్ళ ముందు నుంచే పరిగెత్తేది. ఆమె బంతి తీసుకున్నప్పుడల్లా నాయన చప్పట్లు కొట్టాడు. నేను ఆడుతుంటే ఎలా కొట్టేవాడో అలాగే కొట్టాడనుకుంటాను.

విరామం తర్వాత అవతలి వాళ్ళు గోలు వేశారు. కాసేపటికి మేడం నా వైపు తిరిగి, వార్మప్ చెయ్యమంది. జట్టులో మార్చడానికి ఇంకొక్క అవకాశమే మిగిలి ఉంది. నేను లేచి గీత వెంబడి పరుగు మొదలుపెట్టాను. అటు వైపు నాయన లేచి నిలబడ్డాడు. అత్త, "కోడలా" అని కేకవేసింది. అంత చప్పుడులోనూ ఆ కేక నాకు వినిపించింది. గీత చివరిదాకా పోయి వెనక్కి, మళ్ళీ చివరిదాకా. మోకాళ్ళు పైకెత్తి ఎగిరాను. ఇక పిలుపు వస్తుందని ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉన్నాను.

అప్పుడే మా గోల్‌కీపర్ ఎదుటి అమ్మాయిని గుద్దుకుని పడిపోయింది. లేవలేకపోయింది. ఆమెను స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. మిగిలిన ఆ ఒక్క అవకాశం రెండో కీపర్‌కు వాడాల్సి వచ్చింది. మేడం నా భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో అమ్మా," అంది. కూర్చున్నాను. నాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆట ముగిసేదాకా ఆయన కూర్చోలేదు. మేము ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం.

మెడల్స్ ఇచ్చాక వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అత్త ముందుగా అందుకుంది. "పిలిచి, అంతసేపు పరిగెత్తించి, మళ్ళా కూసోబెట్టింది. ఆ మేడంకు ఏమన్నా మనసుందా?"

"ఊరుకో అక్కా. ఆ పాపకు దెబ్బ తగిలితే ఆమె మాత్రం ఏం చేస్తాది," అన్నాడు నాయన. నా వైపు తిరిగి, "నువ్వు పరిగెత్తేది చూసినా పాపా. బాగా పరిగెత్తినావు," అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. మెడలో మెడల్ తీసి అత్త చేతికిచ్చాను. లాడ్జీ దగ్గరికి రాగానే అక్కడి ఆయన గెలిచారా అని అడిగాడు. "హార్ గయే. లేకిన్ అచ్ఛా ఖేలే," అన్నాడు నాయన. లాడ్జీ ఆయన నన్ను చూసి, ఇంకా వయసుంది, మళ్ళీ గెలుస్తావు అని హిందీలో ధైర్యం చెప్పాడు. నేను తలవంచుకుని మెట్లెక్కాను.

తిరుగు రైలు సోమవారం పొద్దున. ఆదివారం సముద్రం చూపిద్దామని బస్సులో కొల్వాకు తీసుకెళ్ళాను. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగి, ఉప్పగా ఉంటాయో లేదో నాలిక మీద వేసుకుని చూసింది. కొంచెం అవతల కాలేజీ పిల్లలు, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి, ఇసకలో కర్రలు పాతి బంతి ఆడుతున్నారు. నాయన వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

"పాపా, నిన్ను కలుపుకోరా వాళ్ళు?"

"వాళ్ళెవరో మనకు తెల్దు కదా నాయనా."

"నేనడుగుతా. నాకు వాళ్ళ మాట వస్తాది," అని రెండడుగులు వేశాడు కూడా. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దు నాయనా. ఇంకోసారి చూద్దువులే."

నీళ్ళలోంచి అత్త అరిచింది. "పో కోడలా. చూస్తానంటా ఉండాడు గదా."

అంతలో వాళ్ళ బంతి దొర్లుకుంటూ మా వైపే వచ్చింది. కాలితో ఆపి వెనక్కి తన్నాను. ఒకమ్మాయి నవ్వి, రమ్మని చెయ్యి ఊపింది. నేను తల అడ్డంగా ఊపాను. ఫైనల్లో ఆడలేకపోయినదానికి బదులు ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఇసకలో ఆడి చూపించడం నాకు చిన్నతనంగా తోచింది. నాయన చూడాల్సింది ఇది కాదు, అసలు ఆట చూపిస్తాను అనుకున్నాను. ఆయన "సరేలే" అని చెప్పులు విడిచి ఇసకలో కూర్చున్నాడు. వాళ్ళ ఆట అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాం. మధ్యలో ఎవరో గోలు వేస్తే నాయన మెల్లగా చప్పట్లు కొట్టాడు.

ఆయనకు అసలు ఆటకూ ఇసకలో ఆటకూ తేడా లేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. ఆయన చూడాలనుకున్నది నన్ను.

ఆ మరుసటి ఏడు నేను పీజీలో చేరాను. హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి చదువు ముగించుకుని వెళ్ళిపోయింది, కుడివైపు స్థానం నాదే అయింది. పోటీలు పంజాబులో పడ్డాయి. నాయనకు ఆ నెలలోనే కంటి ఆపరేషన్. నేను మొదటి నుంచి చివరిదాకా ఆడాను. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి తిరిగొచ్చాం. స్నేహితురాలు ఫోన్‌లో కాసేపు వీడియో తీసింది. అందులో అందరూ చీమలంత ఉన్నారు. నాయన ఆపరేషన్ చేసిన కంటిని చిట్లించి, "ఇందులో నువ్వెవరు?" అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. ఆ వేలి కింద నేను కనపడకుండా పోయాను.

తర్వాత పరీక్షలు, ఉద్యోగం. ఆట మానేయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు బేస్తవారిపేట దగ్గర ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. పొద్దున మార్కాపురం బస్టాండు దాకా నాయన ఆటోలోనే వస్తాను.

ఈ మధ్య ఒకరోజు వెనక సీట్లో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. బడికి పోయే మనవరాలు ఆటల్లో బాగా తిరుగుతోందని నాయనతో చెబుతోంది.

"తిరగనీ పెద్దమ్మా. మా పాప గూడా ఆడేది. గోవాలో ఫైనల్ ఆడింది. నేను పోయి చూసినా," అన్నాడు నాయన.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేనామ్మా? ఇప్పుడు ఆడడం లేదా?"

"లేదు పెద్దమ్మా," అన్నాను.

అద్దంలో నాయన కళ్ళు ఒక్కసారి నా వైపు చూసి రోడ్డు మీదికి మళ్ళాయి. ఎదురుగా లారీ వస్తుంటే ఆయన బండిని పక్కకు తీశాడు. నేను ఆడలేదని ఆమెకు చెప్పాలని నాకు అనిపించలేదు. బస్టాండు వచ్చింది. దిగి, పోయొస్తా నాయనా అన్నాను. ఆయన తల ఊపి, ఆమెను ఆసుపత్రి దగ్గర దించడానికి వెళ్ళిపోయాడు.